ఫెజ్ తోళ్ల లందలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

మొరాకోలోని ఫెజ్ నగరంలో తోళ్లు పదును చేసే పాత లందల గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. ఒకే విషయం అడిగినవాటిని కలిపేశాం.

ప్రశ్న: ఫెజ్ పాత నగరంలో మాకు ఒక్క పూటే దొరుకుతుంది. లందలు ఎక్కడ, ఏ వేళకు చూడాలి? టికెట్ ఉంటుందా?

జవాబు: ఒక్క పూటే అయితే షువారా చాలు. పాత నగరంలోని లందల్లో అదే పెద్దది. సిది మూసా, ఐన్ అజ్లితెన్ అనే మరో రెండు అంతకంటే చిన్నవి. షువారా 11వ శతాబ్దం నాటిదని ఊళ్లో చెప్పుకుంటారు. 2015లో మొదలైన పెద్ద మరమ్మతు తర్వాత గట్లు, చుట్టూ గోడలు కొత్తగా కనిపిస్తాయి. పాతబడిన రాళ్ల కోసం వెళ్లేవారికి అది కాస్త నిరాశే. అక్కడ జరిగే పని మాత్రం పాతదే.

కరావియ్యీన్ మసీదు దగ్గర రాగి పాత్రలు కొట్టే సెఫ్ఫారీన్ కూడలికి చేరండి. అక్కడి నుంచి కొద్ది నిమిషాల నడక. టికెట్ లేదు. చుట్టూ ఉన్న తోలు దుకాణాల మేడల మీంచి కిందికి చూడటమే పద్ధతి. దుకాణంవాళ్లు పైకి తీసుకెళ్తారు, దిగేటప్పుడు సరుకున్న ప్రతి అంతస్తూ తిప్పుతారు. కొనాలన్న నియమం లేదు. ఏమీ కొనకపోతే 10, 20 దిర్హమ్‌లు చేతిలో పెట్టి వచ్చేయండి. ఒక మేడ నుంచి రంగు తొట్లు బాగా కనిపిస్తే ఇంకో మేడ నుంచి సున్నపు తొట్లు బాగా కనిపిస్తాయి. వీలుంటే రెండూ ఎక్కండి. సందులో ఎవరైనా వెంటబడి "అటు మూసేశారు, నాతో రండి" అంటే పట్టించుకోకుండా నడవండి.

పని చూడాలంటే ఉదయం వెళ్లండి. ఫొటోలే ముఖ్యమైతే ఎండ లోపలికి దిగే వేళ, అంటే మధ్యాహ్నానికి కాస్త ముందు మంచిది. శుక్రవారం నమాజు తర్వాత తొట్లు చాలావరకు ఖాళీగా ఉంటాయి. రంజాన్ నెలలో వేళలు మారిపోతాయి. సందుల్లో "బలాక్!" అని కేక వినిపిస్తే వెంటనే గోడకు ఒత్తుకోండి. తడి తోళ్లు మోసే కంచరగాడిద వస్తోందని దానర్థం. ఆ నీళ్లు బట్టకు తగిలితే వాసన ఉతికినా అంత సులువుగా పోదు.

ప్రశ్న: తెల్ల తొట్లలో పావురాల రెట్ట, సున్నం, ఆవు మూత్రం కలిపి తోలు మెత్తబరుస్తారనీ, మిగతావి రంగు తొట్లనీ గైడ్ ఒక్క ముక్కలో తేల్చేశాడు. అసలు వరస ఏమిటి?

జవాబు: మేడ మీంచి చూస్తే తెల్లగా ఉన్నవన్నీ ఒకటే అనిపిస్తుంది. నిజానికి అక్కడ రెండు పనులు జరుగుతాయి, రెండూ ఒకదానికొకటి ఎదురు పనులు. సున్నం తోలును ఉబ్బిస్తుంది, రెట్ట ఆ ఉబ్బు దించుతుంది. ఈ తేడా తెలిస్తే మిగతా వరసంతా దానంతటదే అర్థమవుతుంది.

చర్మంలో మూడు పొరలుంటాయి. పైన వెంట్రుకలు పట్టుకునే పలచని పొర, కింద కొవ్వు, మాంసం అంటుకున్న పొర. ఈ రెండూ పోవాలి. మధ్యలో కొలాజెన్ అనే ప్రొటీన్ పోగుల అల్లిక ఉంటుంది. తోలంటే అదే. పదును చేయడమంటే ఆ పోగుల మధ్య ఉన్న అనవసరమైనదంతా తీసేసి, అవి కుళ్లకుండా, ఎండినా ఒకదానికొకటి అతుక్కోకుండా చేయడం.

ఉప్పేసిన పచ్చితోళ్లు ముందు నీళ్లలో నానుతాయి. ఉప్పు, రక్తం, మట్టి వదలాలి, ఎండిన పోగులు మళ్లీ నీళ్లు పీల్చుకోవాలి. నీళ్లు చల్లగా ఉండాలి, మార్చుతూ ఉండాలి. ఇక్కడ అశ్రద్ధ చేస్తే బాక్టీరియా ముఖాన్ని, అంటే వెంట్రుకలున్న వైపు పైపొరను, తినేస్తుంది. అప్పుడు పడిన సన్న గుంటలు చివర రంగు వేశాకే కంటికి కనిపిస్తాయి. అప్పటికి చేయగలిగింది ఉండదు.

తర్వాత సున్నం. లీటరు నీళ్లలో సున్నం ఒకటిన్నర గ్రాములకు అటూ ఇటూగానే కరుగుతుంది. మిగతాదంతా అడుగున పేరుకుంటుంది. అందుకే తొట్టిలో ఎంత సున్నం పోశారన్న దానికంటే రోజుకు ఎన్నిసార్లు కలియబెట్టారన్నది ముఖ్యం. మనుషులు తొడల లోతు దిగి తోళ్లను పైకీ కిందికీ తిప్పుతూ కనిపించేది ఇందుకే. కొత్త సున్నం తోలును బాగా ఉబ్బిస్తుంది కానీ వెంట్రుకను తొందరగా వదిలించదు. అంతకుముందు తోళ్లు నానిన పాత సున్నంలో అమ్మోనియా, బాక్టీరియా చేరి ఉంటాయి కాబట్టి అది వెంట్రుకల కుదుళ్లను మెల్లగా వదులు చేస్తుంది. పాత పద్ధతిలో ముందు పాత తొట్టి, తర్వాత కొత్త తొట్టి అనే క్రమం దీన్నిబట్టే వచ్చింది. ఉత్త సున్నంతో మేకతోలుకు వారం పది రోజులు, దళసరి ఆవుతోలుకు రెండు మూడు వారాలు పడుతుంది. సోడియం సల్ఫైడ్ కలిపితే ఒకటి రెండు రోజుల్లో వెంట్రుక ఊడుతుంది. గైడ్లు రెండు మూడు రోజులని చెబితే ఈ రెండో పద్ధతి అనుకోవచ్చు.

వెంట్రుక ఊడాక గుండ్రటి దుంగ మీద తోలు పరిచి, రెండు పిడులున్న మొండి కత్తితో గీకుతారు. గొర్రె ఉన్నిని విడిగా పోగుచేస్తారు, దానికి వేరే బేరం ఉంది. తోలు తిప్పి వాడి కత్తితో మాంసపు పొర చెక్కుతారు. చెయ్యి తిరిగినవాడికీ కొత్తవాడికీ తేడా తెలిసేది ఇక్కడే. కత్తి కాస్త వాలితే తోలుకు చిల్లు పడుతుంది.

అప్పుడు నీళ్లలో బాగా కడిగి రెట్ట తొట్టిలో వేస్తారు. తర్వాత పులిసిన గోధుమ పొట్టు నీళ్లు. పులుపులోని ఆమ్లాలు మిగిలిన సున్నాన్ని విరిచేస్తాయి. ఇంతవరకూ జరిగింది శుభ్రం చేయడమే. పదును చేయడం ఇక మొదలవుతుంది. బెరడు, ఆకు, కాయల్లోని టానిన్ అనే వగరు పదార్థం పోగులకు పట్టాలి. మొరాకోలో దీనికి తుమ్మ జాతికి చెందిన మిమోసా బెరడు, సుమాక్ ఆకు, తఫిలాల్త్ ప్రాంతంలో పేరుపడిన తకావుత్, అంటే టామరిస్క్ చెట్టు కొమ్మల మీద పుట్టే బుడిపెలు, వాడుతూ వచ్చారు. వేరే దేశాల్లో ఓక్ బెరడు, తంగేడు చెక్క, కరక్కాయ ఇదే పని చేస్తాయి.

పదునైన తోళ్లు మిద్దెల మీద, గోడల మీద, మరీనిద్ అనే పాత రాజవంశపు సమాధుల దిగువ కొండవాలులో ఆరతాయి. రంగు ఆ తర్వాత.

ప్రశ్న: పావురాల రెట్టే ఎందుకు? కోడిరెట్ట పనికిరాదా? అందులోని అమ్మోనియా వల్లే తోలు మెత్తబడుతుందని ఒకచోట చదివాను.

జవాబు: అమ్మోనియా మాట సగమే నిజం. అమ్మోనియం లవణాలు తోలులో మిగిలిన సున్నాన్ని బయటికి లాగడానికి సాయపడతాయి. అసలు మెత్తదనం తెచ్చేది రెట్టలోని బాక్టీరియా, అవి పుట్టించే ఎంజైములు. పోగుల చుట్టూ జిగురులా ఉన్న ప్రొటీన్లను అవి కరిగిస్తాయి. వెంట్రుకల కుదుళ్ల మురికి కూడా వదులై పిండితే బయటికొస్తుంది.

కోడిరెట్టా పనిచేస్తుంది. ఇంగ్లండ్‌లో దళసరి తోళ్లకు పావురాల రెట్ట, కోడిరెట్ట రెండూ వాడారు. చేతి తొడుగులకు పనికొచ్చే పలచని తోళ్లకు కుక్కమలం వాడారు, దాన్ని వీధుల్లో ఏరి అమ్మి బతికినవాళ్లూ ఉన్నారు. ఇందులోని అసలు మర్మం ఎంజైమేనని పట్టుకుని జర్మనీలో ఓటో రోమ్ 1907లో క్లోమగ్రంథి నుంచి తీసిన ఎంజైముతో ఒక పొడి తయారుచేశాడు. అది వచ్చాక ఫ్యాక్టరీలు మలం వాడకం మెల్లగా వదిలేశాయి. ఫెజ్‌లో రెట్ట నిలిచిపోయింది.

రెట్ట తొట్టిలో లెక్క తప్పితే తోలు చేతికి రాదు. ఒక తొట్టిలో ఎంజైము బలం ఎంతుందో ముందుగా తెలియదు. రెట్ట ఎంత పాతది, నీళ్లు ఎంత వెచ్చగా ఉన్నాయి, ఎండాకాలమా చలికాలమా అన్నదాన్నిబట్టి గంటలు మారతాయి. తక్కువైతే తోలు బిరుసుగా ఉండిపోతుంది. ఎక్కువైతే పోగులే కరిగి తోలు డొల్లబారుతుంది, మడిచినచోట ముఖం ముడతలుపడి లేస్తుంది. అందుకే గడియారం కాదు, చెయ్యి చూసి చెబుతుంది. బొటనవేలితో గట్టిగా నొక్కితే ఆ గుర్తు లేవకుండా అలాగే ఉండాలి. తోలును సంచిలా మడిచి లోపలి గాలి నొక్కితే సన్న రంధ్రాల్లోంచి బుడగలు రావాలి. ఈ రెండూ కనిపిస్తే తీసేయాలి.

ప్రశ్న: వాసనకు పుదీనా కొమ్మ ఇస్తారట. పనిచేస్తుందా?

జవాబు: ముక్కుకు ఆనించినంతసేపు చేస్తుంది. పైన అరగంట నిలబడితే ముక్కే అలవాటుపడిపోతుంది. వేసవి మధ్యాహ్నాలు బాగా ఘాటు, చలికాలం ఉదయాలు పర్వాలేదు. ఘాటంతా సున్నం, సల్ఫైడ్, రెట్ట, గీకి పడేసిన మాంసం వైపు నుంచే. బెరడు నీళ్ల వాసన నిజానికి బాగుంటుంది.

ప్రశ్న: ఎరుపుకు గసగసాల పువ్వు, నీలానికి నీలిమందు, పసుపుకు కుంకుమపువ్వు, ఆకుపచ్చకు పుదీనా, నారింజకు గోరింటాకు అని చెప్పారు. నమ్మొచ్చా?

జవాబు: ఒక్కొక్కటీ వేరేగా చూడాలి.

గోరింటాకు నమ్మొచ్చు. అందులోని లాసోన్ అనే రంగు పదార్థం ప్రొటీన్‌కు పట్టుకుంటుంది, చేతికి పట్టినట్టే తోలుకూ పడుతుంది. గోధుమరంగుకు దేవదారు చెక్క అన్నా అభ్యంతరం లేదు, వగరున్న బెరడు ఏదైనా ఆ ఛాయ ఇస్తుంది. దానిమ్మ తొక్క పసుపు కూడా నిజమైన రంగే. అందులో రంగూ టానినూ రెండూ ఉన్నాయి.

కుంకుమపువ్వు దగ్గర లెక్క కుదరదు. కిలో కుంకుమపువ్వుకు దాదాపు 1,50,000 పూలు కావాలి. చెప్పుల తోలుకు అది పోసేవాడెవడు? ఒకటి మాత్రం గమనించండి: పసుపు తోళ్లను తొట్టిలో ముంచరు, నూనె కలిపిన రంగును చేత్తో రుద్దుతారు. ఖరీదైన రంగు కాబట్టి ముంచరని గైడ్లు దీన్నే సాక్ష్యంగా చూపిస్తారు. రుద్దడం నిజం, కుంకుమపువ్వు సంగతి అనుమానం.

గసగసాల పూరేకుల ఎరుపు ఎండకు, పులుపుకు నిలవదు. పాత మొరాకో ఎర్రతోలుకు మంజిష్ఠ జాతి వేరు, కెర్మిస్ అనే పురుగు నుంచి తీసిన రంగు వాడారు. ముందు పటిక పట్టిస్తేనే అవి నిలుస్తాయి. పుదీనా పచ్చదనం నీళ్లలోకే సరిగా దిగదు, ఇక తోలుకెక్కడ పడుతుంది?

నీలిమందు నిజమైన రంగే, చిక్కు వేరే చోట ఉంది. అది మామూలు నీళ్లలో కరగదు. క్షారం కలిపి ఆక్సిజన్ లేకుండా పులియబెడితేనే కరుగుతుంది, ఆ క్షారం బెరడుతో పదునైన తోలును పాడుచేస్తుంది. కాబట్టి తెరిచి ఉన్న తొట్టిలో ముదురు నీలం కనిపిస్తే అది ఫ్యాక్టరీ రంగు అనుకోవడమే సబబు. ఇవాళ ఫెజ్‌లో కృత్రిమ రంగుల వాడకం విస్తారంగా ఉంది. ఇది తప్పనడం లేదు. ఆ రంగులు బాగా నిలుస్తాయి. మొక్కల రంగు పేరుతో ఎక్కువ ధర అడిగినప్పుడే తగువు.

నలుపుకు రంగే అక్కర్లేదు. టానిన్ పట్టిన తోలుకు ఇనుము కలిసిన పులుపునీళ్లు రాస్తే నల్లబడిపోతుంది. పాతకాలపు సిరా తయారయ్యేదీ ఈ చర్యతోనే.

ప్రశ్న: లందలు చూసొచ్చిన ఉత్సాహంలో ఒక మేకతోలును తుమ్మ బెరడుతో పదును చేయబోయాను. అంచులు బాగున్నాయి, మధ్యలో అట్టలా బిగిసింది, కోసి చూస్తే లోపల తెల్లగా గీత ఉంది. పైన నల్లటి మచ్చలు, అక్కడక్కడ బూడిదరంగు గరుకు. ఏం తప్పింది?

జవాబు: మీ ఉత్తరంలో మూడు వేర్వేరు తప్పులు కనిపిస్తున్నాయి.

లోపలి తెల్లగీత పచ్చితోలే. మొదటి రోజే చిక్కటి బెరడు రసంలో వేసి ఉంటారు. టానిన్ పైపొరలకు ఒక్కసారిగా పట్టేస్తే ఆ పొరే అడ్డుగోడ అవుతుంది, రసం లోపలికి దిగదు. మొదటి రసం పలచని టీ రంగులో ఉండాలి. మొదటి రోజు గంటకోసారి తిప్పాలి, లేకపోతే మడతల దగ్గర మచ్చలు పడతాయి. రెండు మూడు రోజులకోసారి కాస్త చిక్కటి రసంలోకి మార్చుకుంటూ పోవాలి. మేకతోలుకు పది పదిహేను రోజులు పెట్టుకోండి. అయిందో లేదో తెలియాలంటే అన్నిటికంటే మందంగా ఉండే మెడ దగ్గర చిన్న ముక్క కోసి చూడండి. అంచు నుంచి అంచుకు ఒకే రంగు ఉండాలి. అనుమానంగా ఉంటే కోసినచోట వెనిగర్ చుక్క వేయండి. పచ్చిగా ఉన్న గీత ఉబ్బి, గాజులా మెరుస్తుంది.

నల్లమచ్చలు ఇనుము వల్ల. బకెట్, కత్తి, మేకు, తుప్పు పట్టిన కుళాయి నీళ్లు, ఏదైనా కావచ్చు. ప్లాస్టిక్, చెక్క, మట్టి పాత్రలే వాడండి.

బూడిదరంగు గరుకు సున్నం మిగిల్చిన గుర్తు. సున్నపు తొట్టిలోంచి తీసిన తోలును గాలికి వదిలేస్తే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో సున్నం ముఖం మీదే సుద్దగా మారుతుంది. తర్వాత అక్కడ టానిన్ పట్టదు. తీసిన తోలు నీళ్లలో మునిగే ఉండాలి, కడగడానికి కూడా వెంటవెంటనే నీళ్లు మార్చాలి.

మళ్లీ చేసేటప్పుడు కొలతలు ఇలా పెట్టుకోండి. నానిన తోలు ఒక కిలో ఉంటే నాలుగు లీటర్ల నీళ్లు, 100 గ్రాముల పొడి సున్నం. రోజుకు రెండుసార్లు కలియబెడుతూ ఏడు నుంచి పది రోజులు. కళ్లజోడు, రబ్బరు తొడుగులు తప్పనిసరి, సున్నం కంట్లో పడితే చూపు పోవచ్చు. వేగంగా అవుతుందని ఇంట్లో సోడియం సల్ఫైడ్ జోలికి పోవద్దు. దానికి ఏ పులుపు తగిలినా హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది, మూసిన గదిలో అది ప్రాణాలు తీస్తుంది.

వెంట్రుక, మాంసం తీసి కడిగాక సున్నం విరవాలి. 20 గ్రాముల వరకు అమ్మోనియం సల్ఫేట్ కలిపిన నీళ్లు గానీ, రెండు రోజులు పులిసిన గోధుమ పొట్టు నీళ్లు గానీ చాలు. పూర్తిగా విరిగిందో లేదో క్షారం తగిలితే రంగు మారే ఫినాల్ఫ్తలీన్ అనే మందు చుక్కతో తెలుస్తుంది: కోసిన అంచు గులాబీ రంగుకు తిరిగితే ఇంకా సున్నం ఉంది, రంగు రాకపోతే అయిపోయింది. ఈ దశ దాటేస్తే సున్నం టానిన్‌తో కలిసి ముదురు మచ్చలు పడతాయి, తోలు పెళుసవుతుంది.

బెరడు మొత్తం మీద తోలు బరువుకు సమానంగా, తుమ్మ బెరడైతే అంతకు రెట్టింపు దాకా పడుతుంది. దంచి, చేయి పెట్టలేనంత వేడి నీళ్లలో నానబెట్టి వడకట్టండి. మరిగించొద్దు.

అట్టలా బిగియడానికి ఇంకో కారణం కూడా ఉంటుంది. పదునైన తోలును నూనె పెట్టకుండా ఎండబెడితే ఎంత బాగా పదునైనా బిగుస్తుంది. తడి సగం ఆరినప్పుడు పలచగా నూనె రాసి, నీడలో ఆరేస్తూ, మొండి అంచు మీద అటూ ఇటూ లాగి మెత్తబరచాలి. పూర్తిగా ఎండిపోయాక లాగితే ముఖం పగులుతుంది.

ప్రశ్న: ఫెజ్‌లో కొన్న సంచి రెండు నెలలైనా వాసన పోలేదు. తెల్ల చొక్కాకు రంగు అంటుకుంది. బాగుచేయొచ్చా? మళ్లీ కొనేటప్పుడు ఏం చూడాలి?

జవాబు: వాసనకు గాలి తప్ప మందు లేదు. సంచి తెరిచి, లోపల నలిపిన కాగితాలు కుక్కి, గాలి ఆడే నీడలో మూడు నాలుగు వారాలు వేలాడదీయండి. మూసిన పెట్టెలో బొగ్గుముక్కలతో పెట్టినా కొంత లాగుతుంది. ఎండలో పెడితే వాసన తగ్గుతుంది, తోలు కూడా చెడుతుంది. సెంటు కొట్టకండి, రెండు వాసనలు కలిసి ఇంకా ఘోరం.

రంగు వదలడానికి కారణం రంగు వేశాక సరిగా కడగకపోవడం. ఆరిన తెల్లబట్టతో రుద్దుతూ పొడిరంగు రాలిపోయేదాకా తుడవండి. తర్వాత మైనం పాలిష్ పలచగా పట్టిస్తే చాలావరకు ఆగుతుంది. పూర్తిగా ఆగుతుందని మాట ఇవ్వలేం. లేతరంగు బట్టలతో ఆ సంచి తగిలించుకోకపోవడమే మేలు.

కొనేటప్పుడు జేబురుమాలు తడిపి లోపలి మూలన పది సార్లు రుద్దండి. అమ్మేవాడు వద్దంటే మీకు జవాబు దొరికినట్టే. తోలు మడిచి చూడండి. మడత దగ్గర ముఖం లేచి వదులు ముడతలు పడితే అది రెట్టలో ఎక్కువ నానిన తోలు గానీ, గొర్రెతోలు గానీ అవుతుంది. గొర్రెతోలులో కొవ్వు గ్రంథులు ఎక్కువ, పొరల మధ్య పట్టు తక్కువ. చొక్కాకు, కోటుకు అది హాయిగా ఉంటుంది, బరువు మోసే సంచికి మేకతోలే నమ్మకం. పుస్తకాల అట్టలకు యూరప్‌లో శతాబ్దాల పాటు మొరాకో తోలు అని పేరుపడింది కూడా సుమాక్‌తో పదునైన మేకతోలే. "ఒంటె తోలు" అంటూ ధర పెంచితే నవ్వి ఊరుకోండి. చెప్పులైతే అడుగు వంచి చూడండి, తోలు పొర కింద అట్టముక్క ఉంటే వానలో ఒక్కసారి తడిస్తే అయిపోతుంది.

ప్రశ్న: ఫెజ్ తోలంతా బెరడుతో చేసిందేనా? క్రోమియం వాడరా?

జవాబు: వాడతారు. ఫెజ్‌లో లందలతోపాటు పాత నగరం బయట ఫ్యాక్టరీలూ ఉన్నాయి, దుకాణంలో రెండు రకాల సరుకూ పక్కపక్కనే వేలాడుతుంది. బెరడుకు బదులు క్రోమియం లోహపు లవణాలతో పదును చేసే ఈ పద్ధతికి అమెరికాలో 1884లో ఆగస్టస్ షుల్ట్జ్ పేటెంట్ తీసుకున్నాడు. వారాల పని ఒక రోజుకు తగ్గింది. ఆ తోలు పలచగా, మెత్తగా, నీళ్లకు తట్టుకునేలా ఉంటుంది. కోసిన అంచు నీలిబూడిద రంగులో ఉంటే సాధారణంగా క్రోమియం, గోధుమరంగులో ఉంటే బెరడు. అంచుకు రంగు పూసేస్తే ఈ గుర్తు దొరకదు.

చిన్న ముక్క దొరికితే వేడినీళ్ల పరీక్ష చేయండి. పచ్చితోలు 60–65 డిగ్రీల దగ్గర ముడుచుకుపోతుంది. బెరడుతో పదునైనది 75–85 మధ్య. క్రోమియం తోలు సరిగా పదునైతే మరిగే నీళ్లలో కూడా అలాగే ఉంటుంది.

బెరడు తోలు ప్రకృతికి మంచిది, క్రోమియం విషం అనే పంచాయితీ అంత సులువుగా తేలదు. క్రోమియం రసాయనంగా వేర్వేరు స్థాయిల్లో ఉంటుంది. పదును చేయడానికి వాడే మూడో స్థాయి క్రోమియం కంటే ఆరో స్థాయిది చాలా ప్రమాదం. తయారీ లేదా వాడకంలో తప్పులు జరిగితే మొదటిది రెండోదిగా మారవచ్చు. అయితే సున్నం, సల్ఫైడ్, కొవ్వు, బెరడు పిప్పి కలిసిన మురుగు కూడా నీళ్లలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. ఫెజ్ నది నీళ్లు చివరికి సెబూ నదిలో కలుస్తాయి. ఆ నదికి రెండు రకాల లందలూ బాకీ ఉన్నాయి.

ప్రశ్న: కిందికి దిగి తొట్ల మధ్య నడవనిస్తారా? పనివాళ్ల ఫొటోలు తీయొచ్చా?

జవాబు: షువారాలో మేడ మీంచే చూడటం అలవాటు. దగ్గరగా చూడాలంటే మరాకేష్‌లో బాబ్ దెబ్బాగ్ దగ్గరి లందలకు వెళ్లండి, అక్కడ నేల మీదే తొట్ల మధ్యకు తీసుకెళ్తారు. గట్లు జారుతాయి, బాట ఒక మనిషి నడిచేంతే ఉంటుంది. తీసుకెళ్లేవాడు చివర్లో ఎంత అడుగుతాడో లోపలికి పోకముందే తేల్చుకోండి.

మేడ మీంచి మొత్తం దృశ్యం తీస్తే ఎవరూ ఏమీ అనరు. ఒక మనిషి ముఖం దగ్గరగా తీయాలంటే అడగండి, చెయ్యి ఊపి వద్దంటే మానేయండి. సున్నంలో, చలినీళ్లలో మోకాళ్ల దాకా నిలబడి ఎనిమిది గంటలు పనిచేసే మనిషి వేడుక కోసం అక్కడ లేడు.

ప్రశ్న: ఫెజ్ దాకా పోలేం. పాత లందలు మిగిలిన చోట్లు ఇంకెక్కడైనా ఉన్నాయా?

జవాబు: పని నడుస్తున్నవి తక్కువ, ఆనవాళ్లు మిగిలినవి ఎక్కువ. పోర్చుగల్‌లోని గిమరాయిష్‌లో కౌరుష్ అనే పేట మొత్తం పాత రాతి తొట్లతో నిలిచి ఉంది, 2023లో దాన్ని కూడా యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. ఫెజ్ పాత నగరం 1981 నుంచే ఆ జాబితాలో ఉంది. స్పెయిన్‌లోని ఇగువలాదలో తోలు మ్యూజియంలో భాగంగా కాల్ గ్రానోతెస్ అనే 18వ శతాబ్దపు లంద ఉంది. గ్రీసులోని దిమిత్సానాలో నీటిశక్తి మ్యూజియంలో మిల్లుతోపాటు లందనూ చూపిస్తారు. ఫ్రాన్స్‌లోని కోల్మార్‌లో, స్ట్రాస్‌బూర్‌లో చర్మకారుల పేటల ఇళ్లు చూడండి. పై అంతస్తులు గాలికి తెరిచి ఉంటాయి, తోళ్లు ఆరేసుకోవడానికే అలా కట్టారు. వీటిలో చాలావాటికి వాసన లేదు. పని క్రమం అర్థం చేసుకోవడానికి నిజానికి ఇవే నయం, తొట్టి పక్కనే నిలబడి లోతు, అడుగు, నీళ్లు పోయే కంత చూడొచ్చు.

ప్రశ్న: మోకాళ్ల నొప్పులున్న అమ్మ, ఐదేళ్ల బాబు కూడా ఉన్నారు. తీసుకెళ్లొచ్చా?

జవాబు: మేడమెట్లు ఇరుకు, నిటారు, మలుపులు ఎక్కువ. లిఫ్టు ఉంటుందని అనుకోవద్దు. మొదటి అంతస్తు నుంచే కొంత కనిపించే దుకాణం ఉందేమో కిందే అడగండి, అమ్మగారికి అది చాలు. పాత నగరం సందుల్లో కార్లు తిరగవు, కాబట్టి దగ్గరి ద్వారం దాకా టాక్సీలో వచ్చి మిగతాది నడవాల్సిందే. బాబును గోడ పక్కన నడిపించండి. మేడ మీద పిట్టగోడ ఎత్తు ఒక్కోచోట తక్కువగా ఉంటుంది, చెయ్యి వదలకండి. ఆస్తమా ఉన్నవారు పది నిమిషాలకు మించి నిలబడకపోవడం మంచిది. చెప్పులు కాదు, మూసిన బూట్లు వేసుకోండి.